నిద్రపోయే బిడ్డను చూడకూడదట!

మీ ఇంట్లో పసిబిడ్డ నిద్రపోతున్నప్పుడు, చొక్కా పైకెత్తి ఆ బిడ్డ ఊపిరి ఎలా తీసుకుంటోందో మీరు ఎప్పుడైనా చూశారా? ముద్దొచ్చి చూడటం గురించి అడగటం లేదు. ఫోన్లో ఫోటో తీసుకోవడం గురించి అంతకన్నా కాదు. ఊపిరి లోపలికి పోయినప్పుడు పొట్ట ఎలా కదులుతోంది, పక్కటెముకల కింద ఏం జరుగుతోంది అని కళ్లు పెట్టి చూశారా? చూసి ఉండరు. ఎందుకు చూడలేదో కూడా నాకు తెలుసు. నిద్రపోయే బిడ్డను తేరిపార చూడకూడదని, చూస్తే దిష్టి తగులుతుందని, అందులోనూ కన్నతల్లి దిష్టి మరీ చెడ్డదని మీకు ఎవరో చెప్పారు. వాళ్లకు ఇంకెవరో చెప్పారు. మొట్టమొదట చెప్పిన మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. ఆ మాట మాత్రం ఇవాళ్టికీ మన ఇళ్లలో ఉయ్యాల పక్కన కాపలా కూర్చుని ఉంది.

ఆ కాపలాను పక్కకు జరిపి మా పాప ఊపిరిని కాపాడుకున్న సంగతి రాస్తున్నాను. భయపడకండి. సంతోషంగా ముగిసే సంగతే. నేనిది రాస్తుండగా ఆ పిల్ల నా పెన్ను మూత ఎక్కడో దాచేసి, వెతకమని నా చుట్టూ గెంతుతోంది.

మాది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. మా ఆయన ఓబులేశు బోరు మోటార్లు రిపేరు చేస్తాడు. నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. అవి కాక మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తాను, పిలిచిన చోటికల్లా పోయి మాట్లాడతాను. ఇది మా నాయన నుంచి వచ్చిన అలవాటు. మా పుట్టింట్లో వాదన లేకుండా అన్నం ముద్ద కూడా గొంతు దిగేది కాదు. ఇక మా అత్త తిమ్మక్క పుట్టిందీ పెరిగిందీ గొర్రెల మధ్య. ఇప్పటికీ మా ఇంటి వెనక దొడ్డి నిండా గొర్రెలే. దండలు మార్చుకుని చేసుకున్న మా పెళ్లిని ఆమె పెళ్లి కింద ఇంకా లెక్కవేయలేదు. కూతురికి స్వేచ్ఛ అని పేరు పెడితే, "అది నోరు తిరిగే పేరేనా? బిడ్డను పిలిచే లోపల బిడ్డ పెద్దదైపోతాది" అని ఆమె బుజ్జమ్మ అనే పిలుస్తుంది. మా ఇద్దరికీ పొద్దున లేస్తే వాదనే. ఊరివాళ్లకు అది ఖర్చులేని వినోదం.

స్వేచ్ఛకు రెండో ఏడు నడుస్తున్న చలికాలం. జలుబు చేసింది. తర్వాత దగ్గు, ఆ వెనకే జ్వరం. ఊళ్లో మందులిచ్చే ఆయన ఒక సిరప్ ఇచ్చాడు. పారాసిటమాల్ వేస్తే వేడి దిగేది, మళ్లీ ఎక్కేది. మా అత్త తనకు తెలిసిన వైద్యం చేసింది. స్వెట్టరు, తలకు మంకీ క్యాప్, ఆ పైన గొర్రెల బొచ్చుతో నేసిన నల్ల కంబళి. ఇంత చుట్టి, చీరతో కట్టిన ఉయ్యాలలో వేసి, చీర అంచులు రెండూ దగ్గరికి లాగి మూసింది. చెమట పడితే జ్వరం దిగుతుందని ఆమె నమ్మకం.

ఆ రోజు మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నాకు అదే తేడాగా అనిపించింది. నా చెప్పుల చప్పుడు వింటే చాలు, ఎంత నిద్రలో ఉన్నా లేచి పాల కోసం గొడవ చేసే పిల్ల అది. ఆ రోజు కదల్లేదు. ఉయ్యాల దగ్గరికి పోయి చీర అంచు పట్టుకున్నాను. మా అత్త నా చెయ్యి పట్టుకుంది.

"నిద్రపోతాండాది. సూడొద్దు."

"పాలు తాగిందా అత్తా?"

"పొద్దున రెండు గుక్కలు తాగింది. నిద్రపట్టింది గదా, లేస్తే తాగుతాది. నిద్రపోయే బిడ్డ మీద తల్లి కన్ను పడగూడదు, ఎన్నిసార్లు సెప్పల్ల నీకు?"

వాదనకు ఎప్పుడూ సిద్ధంగా ఉండే నేను ఆ రోజు వాదించలేదు. చీర తెరిచాను. కంబళి తీశాను, స్వెట్టరు విప్పాను, చొక్కా పైకెత్తాను. పాప ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా ఛాతీ కింది భాగం, పక్కటెముకల కింద, లోపలికి గుంట పడుతోంది. ఎవరో లోపలి నుంచి దారం కట్టి లాగుతున్నట్టుగా ఉంది.

చూడకూడదని నా చెయ్యి పట్టుకున్న మనిషి నా భుజం మీదుగా చూసేసింది. ఒక్క చూపు చాలింది ఆమెకు.

"ఓయమ్మా! డొక్క ఎగరేస్తాండాదే!"

నేను ఓబులేశుకు ఫోన్ చేసి ఆటో తెమ్మన్నాను. మా అత్త అప్పటికే చెంగు నడుముకు దోపుతోంది.

"పక్కూర్లో ముసలాయప్ప ఉండాడు. డొక్క ఎగరేసే బిడ్డలకు వాత పెడతాడు. ఎంతమందికి పెట్టినాడో. బిరీన పోదాం పా."

వాత అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇనుమును ఎర్రగా కాల్చి, పసిబిడ్డ పొట్ట మీద అంటిస్తారు. ఊపిరాడక అల్లాడుతున్న బిడ్డకు కాలిన గాయాన్ని కానుకగా ఇస్తారు. ఆ బిడ్డ బతికితే వాత బతికించిందంటారు, పోతే రాత అంటారు. ఇలా రెండు వైపులా గెలిచే జూదాన్ని వైద్యం అని పిలవడానికి మనకు నోరెలా వస్తుంది? ఈ మాటలన్నీ నేను సభల్లో ఎన్నోసార్లు అన్నాను, చప్పట్లూ కొట్టించుకున్నాను. కానీ ఆ వాకిట్లో ఉపన్యాసానికి తావు లేదు. నా చేతిలో పాప ఉంది. ఎదురుగా ఆ పాపను నా అంతగా ప్రేమించే మనిషి ఉంది.

"అత్తా, పోయిన వానల్లో దొడ్డిలో గొర్రెపిల్లలు డొక్క ఎగరేసినాయి కదా. ఏం చేసినావు?"

"పశువుల డాక్టరును పిలిపించినా. సూదులేసినాడు."

"వాత పెట్టలేదా?"

"వాత పెడితే పిల్ల సచ్చిపోతాది గదే! దాని రొమ్ములో నెమ్ము సేరింటాది. దానికి సూది పడల్ల."

"మరి దీనికి?"

మా అత్త నా వైపు చూసింది. పాప వైపు చూసింది. ఆటో వాకిట్లోకి వచ్చి ఆగింది. అందరికంటే ముందు మా అత్తే ఎక్కి కూర్చుని చేతులు చాచింది.

"ఇటియ్యి బిడ్డను. ఓబులేసూ, నిలబడుకోని ఏం సూస్తావు, ఎక్కు!"

కళ్యాణదుర్గం ఆసుపత్రిలో వేలికి క్లిప్ పెట్టి చూశారు. "శాచురేషన్ బాగా తక్కువుంది" అని వెంటనే ఆక్సిజన్ పెట్టి, అంబులెన్సులో అనంతపురం పంపించారు. పిల్లల వార్డులో డాక్టరమ్మ నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఇంత చుట్టారేంటి? ముందు విప్పండి." దారిలో చలి తగులుతుందని మా అత్త కంబళి మళ్లీ చుట్టేసింది మరి. ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు ఎత్తి చూపించింది. "న్యుమోనియా. కుడి వైపు కింద ఈ తెల్లటి ప్యాచ్ చూడండి. ఐవీ యాంటిబయాటిక్స్ మొదలుపెడదాం. ఆక్సిజన్ కొనసాగుతుంది. సమయానికే తెచ్చారు, ధైర్యంగా ఉండండి."

చిన్న చేతికి మందు ఎక్కించే కాన్యులా గుచ్చేటప్పుడు పాప ఏడ్చింది. మా అత్త నర్సు మీద ఎగిరింది. "మెల్లిగా పొడువు తల్లీ, అది గొర్రెపిల్ల గాదు!" ఆ నర్సు మంచి పిల్ల. చేతిలో పని ఆపకుండానే, "ఏడ్చేంత బలముందంటే సంతోషపడల్ల అవ్వా. ఏడవని పిల్లను చూస్తేనే మాకు భయం" అంది. ఆ మాటతో మా అత్త నోరు మూతపడింది. అది నేను చూసిన మొదటి అద్భుతం. అద్భుతాలను నమ్మను గానీ, దీనికి సాక్ష్యం ఉంది.

మందులు మొదలైన మర్నాటికి జ్వరం తగ్గింది. మేం ఊపిరి పీల్చుకున్నాం. ఆ పై రోజు మళ్లీ ఎగబాకింది. దగ్గు పెరిగింది, పాప మళ్లీ సోలిపోయింది. డాక్టరమ్మ స్టెత్ పెట్టి చాలాసేపు విని, "యాంటిబయాటిక్ మారుద్దాం. కొన్నిసార్లు ఇలా అవుతుంది" అంది. ఆ 'కొన్నిసార్లు' అనే మాటను నమ్ముకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆ వార్డులో కూర్చున్న తల్లులకు తెలుసు. ఓబులేశు బయటికి పోయి టీ తెచ్చేవాడు, అది చల్లారేది, మళ్లీ తెచ్చేవాడు. పక్క మంచం మీద బిడ్డతో ఉన్న తనకల్లు వైపు ఆమె మా చేతిలో రాగి సంకటి ముద్ద పెట్టి, "తినప్పా, మీరు పడిపోతే బిడ్డను ఎత్తుకునేదెవరు" అని కసిరి తినిపించింది. ఏ మొక్కూ మొక్కకుండా ఆ పొద్దులు దాటాను. దానికి గర్వపడటం లేదు. నా పాపకు కావలసింది ఆక్సిజన్, మందు, కనిపెట్టి చూసే కళ్లు. ఆ మూడూ ఆ గదిలోనే ఉన్నాయి.

అక్కడ డాక్టరమ్మ మమ్మల్ని ఇద్దరినీ మంచం దగ్గరికి పిలిచి చెప్పిన మాట నా జీవితంలో నేను విన్న గొప్ప ఉపన్యాసం. నిద్రపోతున్న పాప చొక్కా ఎత్తి చూపిస్తూ చెప్పింది.

"జ్వరం ఎంతుందో థర్మామీటర్ చెబుతుంది. ఊపిరి కష్టంగా ఉందో లేదో మీ కళ్లే చెప్పాలి. ఏడ్చేటప్పుడు, పాలు తాగేటప్పుడు సరిగ్గా తెలియదు. నిద్రలో బాగా తెలుస్తుంది. ఇదిగో, ఇక్కడ లోపలికి పోవడం. దీన్ని మేం చెస్ట్ ఇన్‌డ్రాయింగ్ అంటాం. అవ్వా, మీరూ చూడండి."

అవ్వ చూడలేదు. మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"నిద్రపోయే బిడ్డను సూడగూడదు డాట్రమ్మా. నువ్వు సూడు, నీకు సదువుండాది."

నేను అందుకున్నాను. "అత్తా, నీ గొర్రెపిల్లలకు దిష్టి తగలదా?"

"తగల్దా మరి! దానికే గదా మెడకు నల్లదారం కడతాం."

"నిద్రపోయే గొర్రెపిల్లను చూస్తావా, చూడవా?"

"సూడకపోతే ఎట్లా? పండుకున్నప్పుడే గదా డొక్క తెలిసేది! సూడకుంటే మంద మందంతా..."

అక్కడ ఆగిపోయింది. డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి కేసు షీటులో తల పెట్టేసింది.

ఆలోచించండి. దొడ్డి గడప మీద నిలబడి, అన్ని గొర్రెల్లో ఏ పిల్ల ఊపిరి తేడాగా ఉందో ఒక్క చూపులో చెప్పే కళ్లు అవి. ఆ కళ్లకు సొంత మనవరాలి దగ్గర గంతలు కట్టింది ఎవరు? తెలివి లేక కాదు, ప్రేమ లేక అసలే కాదు. ఎవరో ఎప్పుడో అన్న ఒక్క మాట. మూఢనమ్మకం మనిషికి తెలియనిదాన్ని దాచదు, తెలిసినదాన్నే పనికి రాకుండా చేస్తుంది. అందుకే దాని మీద నాకు అంత కోపం.

మా అత్త తన సంచిలోంచి కాటుక తీసింది. పాప అరికాలికి ఒక చుక్క పెట్టింది. "ఇప్పుడు సూస్తాలే" అని వంగి, చూపు నిలిపి, చాలాసేపు చూసింది. ఆ చుక్కతో నేను తగాదా పెట్టుకోలేదు. కన్ను తెరుచుకుంది, నాకు అది చాలు. కాసేపటికి ఆమె నిటారుగా లేచి, "ఆ పొద్దు ఇంట్లో సూసినదానికంటే నయం. గుంట తగ్గింది" అంది. డాక్టరమ్మ స్టెత్ పెట్టి విని, "కరెక్ట్ అవ్వా. తగ్గుతోంది" అంది. మా అత్త నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపును వర్ణించడానికి నాకు ఇంకో వ్యాసం కావాలి.

కొత్త మందు పనిచేసింది. ఒక పొద్దున పాప లేచి కూర్చుంది. ముక్కు దగ్గరున్న ఆక్సిజన్ గొట్టం పీకేసి, వాళ్లవ్వ ముక్కుకు పెట్టబోయి, ఆమె తుమ్మితే పకపకా నవ్వింది. ఆ నవ్వుకు వార్డంతా తిరిగి చూసింది. తనకల్లు ఆమె చప్పట్లు కొట్టింది. ఓబులేశు తెచ్చిన టీ ఆ రోజు వేడిగానే తాగాం.

ఇక్కడితో అయిపోలేదు. ఇంటికి వచ్చాక కొన్ని నెలలు హాయిగా గడిచాయి. వేరుశనగ కాయలు ఆడించే రోజులు వచ్చాయి. ఊరంతా మిషన్ల రొద, ఎర్రదుమ్ము, పొట్టు. పాపకు మళ్లీ జలుబు చేసింది. ఆ రోజు నేను రాప్తాడులో ఒక సభలో ఉన్నాను. తాయెత్తుల మీద గొంతు చించుకుంటుంటే ఫోన్ మోగింది. అత్త. మైకు పక్కన పెట్టి ఎత్తాను.

"యాడుండావు?"

"సభలో అత్తా. ఏమైంది?"

"నువ్వు మాట్లాడుకో. నేను బుజ్జమ్మను ఎత్తుకోని కళ్యాణదుర్గం ఆసుపత్రికి వచ్చినా. మద్దేన్నం పండుకున్నప్పుడు సొక్కా ఎత్తి సూసినా. డొక్క ఇంకా లోపలికి పోలేదు గానీ, ఊపిరి బిరబిరా తీస్తాండాది, రొమ్ములో పిల్లికూతలు. గుంట పడేదాకా ఎందుకని షేర్ ఆటో ఎక్కినా. ఆవిరి మందు పెట్టినారు, ఇప్పుడు నిమ్మళంగా ఉండాది. నువ్వు కంగారుపడి రావద్దు. తాయెత్తోళ్లను బాగా తిట్టు."

నేను మైకు ముందుకు తిరిగి వచ్చాను. ఏం మాట్లాడుతున్నానో మర్చిపోయాను. అందుకే ఆ ఫోన్ కథే చెప్పాను. ఆ సభలో తాయెత్తుల మీద నా వాదన ఎంతమందిని కదిలించిందో తెలియదు గానీ, మా అత్తకు మాత్రం చప్పట్లు చాలాసేపు మోగాయి.

ఈసారి న్యుమోనియా కాదు, వీజ్, అంటే పిల్లికూతల ఆయాసం అన్నారు. నెబులైజర్‌తో సర్దుకుంది, అడ్మిషన్ అవసరం పడలేదు. తర్వాత అనంతపురం తీసుకుపోతే డాక్టరమ్మ మూతికి మాస్కు, మధ్యలో స్పేసర్ అనే పొడవాటి గొట్టం ఉన్న ఇన్‌హేలర్ ఇచ్చి, ఎప్పుడు ఎలా వాడాలో చేసి చూపించింది. స్వేచ్ఛ దాన్ని ఏనుగు అంటుంది. మాస్కు పెట్టుకుని తొండం ఊపుతుంది. అది చూసి పక్కింటి నాగమ్మ వచ్చి బుగ్గలు నొక్కుకుంది.

"ఇంత చిన్న బిడ్డకు ఇన్‌హేలరా! అది అలవాటైతే ఇంక ఇడిసిపెట్టదంట గదక్కా?"

మా అత్త కళ్లు కూడా తిప్పలేదు. "నీకు ఆకువక్క అలవాటై ఎన్నేండ్లాయ? దాన్ని ఎవరూ ఏమనరు. బిడ్డ ఊపిరి తీసుకుంటే అలవాటంట! ఊపిరి తీసుకునే అలవాటు నువ్వు మానుకోని సూపించు, అప్పుడు దీన్ని మానిపిస్తా."

గొర్రెపిల్లల సాయం లేకుండా వాదనలో నేను ఆమెను ఇప్పటిదాకా ఓడించలేదు. ఇక ఓడించలేనని ఆ రోజు తెలిసింది. మా నాయన బతికి ఉంటే ఆమెను వేదిక ఎక్కించేవాడు.

ఇప్పుడు స్వేచ్ఛ అంగన్‌వాడీకి పోతోంది. టీకాలన్నీ వేయించాం. జలుబులు వస్తాయి, పోతాయి. దుమ్ము రోజుల్లో ఏనుగు బయటికి వస్తుంది, మిగతా రోజులు గూట్లో కూర్చుంటుంది. డాక్టరమ్మ, "పెద్దయ్యే కొద్దీ దీని అవసరం తగ్గొచ్చు, చూద్దాం" అంది. గొర్రెపిల్లల వెంట పాప దొడ్డి చుట్టూ పరుగెత్తుతుంటే వాటికే ఆయాసం వస్తోంది. ఈ మధ్య ఒక కొత్త చిక్కు వచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా, కుర్చీలో కూర్చోగానే చొక్కా ఎత్తి పొట్ట చూసి, "డొక్క బాగుంది" అని తీర్పు చెబుతోంది. మొన్న మా ప్రిన్సిపాల్ సారు వచ్చారు. ఆయన పొట్ట చూసి స్వేచ్ఛ, "ఇది శానా పెద్దగుండాది అవ్వా" అంది. సారు మంచివారు, నవ్వేశారు.

మా ఊళ్లో ఇప్పుడు ఏ ఇంట్లో బిడ్డకు జ్వరం వచ్చినా ముందు మా అత్తను పిలుస్తారు. ఆమె పోయి మొట్టమొదట కంబళి లాగి పారేస్తుంది. "జరమొచ్చిన బిడ్డను ఉడకబెడతాండారా?" అని తిట్టి, పలచని చొక్కా వేయించి, పాలు తాగించమని, బిడ్డ బరువుకు తగ్గ పారాసిటమాల్ డాక్టరును అడిగి వేయమని చెబుతుంది. తర్వాత అరికాలికి కాటుక చుక్క పెట్టి, చొక్కా ఎత్తి చూస్తుంది. ఆమె ఆసుపత్రికి పొమ్మంటే ఎవరూ ఎదురు చెప్పరు. పక్కూరి వాత ముసలాయన కూడా మనవడికి జ్వరమొస్తే ఆమెకే కబురంపాడు. ఆమె పోయి చూసి, "ఆసుపత్రికి పదండి. నీ ఇనుము మాత్రం ఈడనే పెట్టిరా" అందట.

ఇక మీ సంగతి. మీ ఇంట్లో బిడ్డ ఇప్పుడు నిద్రపోతూ ఉండొచ్చు. ఈ పత్రిక పక్కన పెట్టి లేవండి. ఉయ్యాల చీర తెరవండి, చొక్కా పైకెత్తండి. బిడ్డ ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఊపిరి ఎలా ఉంటుందో ఇవాళే చూసి గుర్తుపెట్టుకోండి, తేడా వచ్చిన రోజు మీకు తెలియాలంటే అదే దారి. ఊపిరి వేగంగా ఉన్నా, పక్కటెముకల కింద గుంట పడుతున్నా, ఊపిరితో పాటు మూలుగు వస్తున్నా, పెదాలు నీలంగా మారినా, పాలు తాగలేక సోలిపోతున్నా, కంబళి కోసం, వాత కోసం, ఇంకో సిరప్ కోసం ఆగకండి. ఆ క్షణమే ఆసుపత్రికి పదండి. దిష్టి భయం వదలకపోతే అరికాలికి చుక్క పెట్టుకోండి, నేనేమీ అనను.

కానీ చూడండి. ఇప్పుడే పోయి చూడండి.